మెగా గార్చాంప్ వేసినప్పుడల్లా ఓడిపోతున్నాం, ఎందుకు?

మహేంద్రతనయ_పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. పోకెమాన్ షోడౌన్ అనే ఆన్‌లైన్ పోరు ఆటలో, ఆరో తరం ఆటల నియమాలతో ఓయూ (ఎక్కువమంది వాడే జీవుల వర్గం) ఆడుతున్నాను. నా టీమ్ ఇది: గార్చాంప్, లాటియోస్, రోటమ్-వాష్, స్కార్మరీ, క్లెఫేబుల్, సిజర్. మెగా రాయి (పోరు మధ్యలో జీవిని మెగా రూపంలోకి మార్చే ఐటెమ్) గార్చాంప్‌కి ఇచ్చాను.

నాకు అర్థం కానిది ఏటంటే, మామూలు గార్చాంప్ అంకెలన్నీ కలిపితే 600, మెగా అయితే 700. నూరు పాయింట్లు ఎక్కువ. కానీ మెగా చేసిన ఆటల్లోనే ఎక్కువ దెబ్బతింటున్నాను. మెగా చరిజార్డ్ ఎక్స్ ఎదురుపడితే అదే ముందు కొట్టేస్తోంది. మెగా చేయకముందు నాదే ముందుండేది.

మా పెదనాన్నగారి అబ్బాయి బలం పెరిగే రూపం ఉన్నాక దాన్ని వాడకపోవడం దండగ అంటాడు. దసరా సెలవుల్లో మేమంతా కలిసి పెట్టుకునే పోటీకి ఈ టీమే పట్టుకెళ్ళాలనుకుంటున్నాను. మెగా ఉంచాలా, తీసేయాలా? కారణంతో సహా చెప్పండి.

వంశధార_గుణుపురం

తమ్ముడూ, ముందు స్పీడ్ చూడు. గార్చాంప్ బేస్ స్పీడ్ (ఆ జాతికి పుట్టుకతో ఉండే అంకె) 102. మెగా అయ్యాక 92. ఆ పది పోవడమే నీ చరిజార్డ్ గొడవకి మూలం. చరిజార్డ్ సరిగ్గా 100 దగ్గర ఉంటుంది.

లెవెల్ 100లో, స్పీడ్ పెంచే జాలీ నేచర్‌తో, స్పీడ్‌కి 252 ఈవీలు (మనం పంచిపెట్టే శిక్షణ పాయింట్లు) పెడితే మామూలు గార్చాంప్ 333. బేస్ 100 ఉన్నవాళ్ళు 328. మెగా గార్చాంప్ 311. మెగా అయిన మరుక్షణం నువ్వు ఆ 328 వాళ్ళందరి వెనక్కి పోతావు. చరిజార్డ్ రెండు మెగాలూ అక్కడే ఉన్నాయి. సలమెన్స్, వోల్కరోనా, విక్టినీ, జిరాచీ, మానఫీ, సెలెబీ, మ్యూ, జాప్‌డోస్ కూడా అక్కడే. ఈ ఆటలో 100 దగ్గర ఉన్నంత రద్దీ ఇంకెక్కడా లేదు. 102 అంటే ఆ గుంపుకి ఒక్క అడుగు ముందు. గార్చాంప్ ఇన్నేళ్ళు నిలబడడానికి ఆ ఒక్క అడుగే పెద్ద కారణం.

రుషికుల్య_బరంపురం

స్పీడ్ సంగతి గుణుపురం తమ్ముడు బాగా చెప్పాడు. నేను ఐటెమ్ సంగతి చెబుతాను. నా లెక్కలో అసలు నష్టం అక్కడే ఉంది, చాలామంది దాన్ని లెక్కలోకే తీసుకోరు.

మెగా రాయి ఊరికే రాదు. అది పట్టుకుంటే ఇంకో ఐటెమ్ పట్టుకోలేవు. కాబట్టి ఒట్టి చేతుల గార్చాంప్ పక్కన మెగా గార్చాంప్‌ని పెట్టి చూడకూడదు. ఏదో ఒక మంచి ఐటెమ్ పట్టుకున్న గార్చాంప్ పక్కన పెట్టి చూడాలి. అలా చూస్తే ఏమవుతుందో అంకెల్లో చూడు.

ఎటాక్‌కి 252 ఈవీలు, నేచర్ స్పీడ్‌కి. మామూలు గార్చాంప్ ఎటాక్ 359. దానికి లైఫ్ ఆర్బ్ ఇస్తే దెబ్బ 1.3 రెట్లు అవుతుంది, అంటే 466 ఎటాక్‌తో కొట్టినట్టు. మెగా గార్చాంప్ ఎటాక్ 439, ఐటెమ్ సాయం లేదు. 466 ఎక్కువా, 439 ఎక్కువా? లైఫ్ ఆర్బ్ పట్టుకున్న మామూలు గార్చాంప్ మెగా కంటే గట్టిగా కొడుతుంది, ముందూ కొడుతుంది. చాయిస్ బ్యాండ్ ఇస్తే 538, ఆ దెబ్బకి మెగా దరిదాపుల్లోకి కూడా రాదు.

లైఫ్ ఆర్బ్‌కి ఖరీదు ఉంది, కాదనను. కొట్టిన ప్రతిసారీ నీ ప్రాణంలో పదో వంతు పోతుంది. చాయిస్ బ్యాండ్ ఒకే దెబ్బకి కట్టేస్తుంది. కానీ ఆ ఖరీదులు నువ్వు ఎంచుకుని పెట్టుకున్నవి. రాయి ఖరీదు అలా కాదు, ఎంచుకునే వీలునే తీసేస్తుంది. మామూలు గార్చాంప్ చాయిస్ స్కార్ఫ్ పట్టుకుంటే స్పీడ్ 499. రాకీ హెల్మెట్ పట్టుకుంటే తాకినవాడికే గాయం: దాని సొంత గుణం రఫ్ స్కిన్ వల్ల 8వ వంతు, హెల్మెట్ వల్ల 6వ వంతు, రెండూ కలిపి ఒక్క తాకిడికి వాడి ప్రాణంలో నాలుగో వంతు పైగా పోతుంది. మెగా అయితే రఫ్ స్కిన్ కూడా పోయి సాండ్ ఫోర్స్ వస్తుంది.

ఇంకోటి. ఆట మొదట్లో అవతలివాడికి నీ ఆరుగురూ కనబడతారు గానీ ఐటెమ్‌లు కనబడవు. గార్చాంప్ చూడగానే అది స్కార్ఫా, హెల్మెటా, ఆర్బా అని వాడు ఆలోచించాలి. స్కార్ఫ్ అనుకుని వెనక్కి తిరిగితే నీకు ఒక టర్న్ మిగిలింది. మెగా చేసిన క్షణాన ఆ అనుమానం మొత్తం తీరిపోతుంది, వాడికి నీ స్పీడ్ ఎంతో కూడా తెలిసిపోతుంది. బెదిరింపు విలువ ఏ పట్టికలోనూ రాయరు గానీ ఆటలో దాని బరువు చాలా ఎక్కువ.

మహేంద్రతనయ_పర్లాకిమిడి

అప్పా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు నాకు. మరి ఆ నూరు పాయింట్లు ఎక్కడికి పోయినట్టు?

రుషికుల్య_బరంపురం

ఎక్కడికీ పోలేదు, నీకు అక్కరలేని చోట పడ్డాయి. ఎటాక్ 130 నుంచి 170, అంటే 40. స్పెషల్ ఎటాక్ 80 నుంచి 120, అది ఇంకో 40. డిఫెన్స్‌కి 20, స్పెషల్ డిఫెన్స్‌కి 10. స్పీడ్ నుంచి పది తీశారు. మొత్తం నూరు సరిపోయింది. ప్రాణం మాత్రం ఏ మెగాకీ పెరగదు. నీ సెట్‌లో స్పెషల్ దెబ్బ ఒక్కటీ లేకపోతే ఆ 40 నీకు లేనట్టే.

ప్రాణహిత_సిరొంచ

అందరూ మెగా గార్చాంప్‌ని ఒక్కసారే తీసిపారేస్తున్నరు. జర ఆగండి. గడ్చిరోలి దిక్కు మేం మస్తు ఆడినం దాన్ని, ఇసుక తుఫానుల.

సాండ్ ఫోర్స్ అంటే ఏంది? తుఫాను నడుస్తున్నప్పుడు నేల, రాయి, ఉక్కు రకం దెబ్బలు 1.3 రెట్లు అయితయి. అక్క చెప్పిన 439ని 1.3తోని గుణించండి, 570 అయితది. చాయిస్ బ్యాండ్ 538 కన్నా ఎక్కువ. పైగా ఒకే దెబ్బకి కట్టుబడి ఉండే అవసరం లేదు, లైఫ్ ఆర్బ్ లెక్క సొంత ప్రాణం పోదు. టైరానిటార్ గానీ హిపౌడన్ గానీ పక్కన పెట్టుకుంటే మెగా గార్చాంప్ ఎర్త్‌క్వేక్‌ని ఆపుడు కష్టం. తుఫాను లేకుండ దాన్ని వేసుడే తప్పు. రూపం చెడ్డది కాదు.

రుషికుల్య_బరంపురం

సిరొంచ తమ్ముడి లెక్క సరైనదే. 570 నిజం. కానీ ఆరో తరం నుంచి వాతావరణం శాశ్వతం కాదు. టైరానిటార్ అడుగుపెడితే తుఫాను 5 టర్న్‌లు నడుస్తుంది, స్మూత్ రాక్ పట్టుకుంటే 8. టైరానిటార్ రావడం ఒక టర్న్, అది వెనక్కి పోయి గార్చాంప్ రావడం ఒక టర్న్. ఐదులో నీ చేతికి మిగిలేది ఎంత? అవతలివాడు ఒక్క టర్న్ ప్రొటెక్ట్ వాడినా, లాండోరస్‌తో అడ్డుకున్నా, అది కూడా తగ్గిపోతుంది.

తుఫాను ఉన్నా డ్రాగన్ దెబ్బలకి సాండ్ ఫోర్స్ వర్తించదు. అవుట్‌రేజ్, డ్రాగన్ క్లా, డ్రాకో మీటియర్ అన్నీ మామూలుగానే పడతాయి. ఎగిరేవాళ్ళు, లెవిటేట్ (గాల్లో తేలే గుణం) ఉన్నవాళ్ళు వస్తే నీ 570 వృథా. ఇక టైరానిటార్ ఎలాగూ టీమ్‌లో ఉంటే ఆ తుఫానుని ఎక్స్‌కడ్రిల్‌కి ఇస్తే దాని స్పీడే రెట్టింపు అవుతుంది, మెగా రాయి ఖర్చు పెట్టకుండానే. టైరానిటార్‌కి కూడా సొంత మెగా ఉంది, దానికి స్పీడ్ 61 నుంచి 71కి పెరుగుతుంది కూడాను. ఆటకి ఒక్క మెగాయే కదా. గార్చాంప్‌కి ఇచ్చావంటే ఇంకెవరికీ లేదు.

ప్రాణహిత_సిరొంచ

అక్కా, ఒక్క మెగాయే అన్న మాట ఒప్పుకుంట. కానీ ఐదు టర్న్‌లల్ల రెండు దెబ్బలు పడినా చాలు, రెండు గోడలు (మస్తు తట్టుకునే జీవులు) కూలుతయి. ఆ కూలిన గోడల మీదనుంచి మిగతావాళ్ళు గెలుస్తరు. మెగా గార్చాంప్ గెలిపించుడు కోసం కాదు, దారి తెరుసుడు కోసం. గట్ల వాడేటోళ్ళకి అది మంచిదే.

కొలాబ్_జయపురం

నేను కూడా కొంత మెగా పక్షమే, కానీ ఇసుక వల్ల కాదు.

అప్ప చెప్పిన స్పెషల్ ఎటాక్ 40 పాయింట్లు వృథా అన్నది ఎర్త్‌క్వేక్, అవుట్‌రేజ్ సెట్‌కి నిజం. రెండు రకాల దెబ్బలూ కలిపిన సెట్ చూడండి: డ్రాకో మీటియర్, ఎర్త్‌క్వేక్, ఫైర్ బ్లాస్ట్, స్టెల్త్ రాక్ (అవతలివైపు నేలమీద రాళ్ళు పరిచేది). స్పెషల్‌కి ఒక్క ఈవీ పెట్టకపోయినా మెగాకి 276. మామూలుదానికి 196, లైఫ్ ఆర్బ్‌తో 254 అవుతుంది. ఇక్కడ మెగా ముందుంది, ఒంటికి గాయం కూడా లేదు. స్కార్మరీ లాంటి గోడ వచ్చి కూర్చుంటే ఫైర్ బ్లాస్ట్ దాన్ని లేపుతుంది. లాండోరస్ ఎర్త్‌క్వేక్ తగలదని ధీమాగా వస్తే డ్రాకో మీటియర్ ఉంది. డిఫెన్స్ 115 ఉంది కాబట్టి రాళ్ళు పరిచేదాకా నిలబడుతుంది.

ఐటెమ్ ఊడగొట్టే నాక్ ఆఫ్ సంగతి కూడా మరవకండి. ఆరో తరం నుంచి పోయే ఐటెమ్ ఉన్నవాడి మీద నాక్ ఆఫ్ ఒకటిన్నర రెట్లు పడుతుంది. మెగా రాయిని ఊడగొట్టలేరు, కాబట్టి ఆ అదనపు దెబ్బ మెగాకి తగలదు. ఐటెమ్‌లు మార్చేసే ట్రిక్‌తో చాయిస్ ఐటెమ్ అంటగట్టడం కూడా కుదరదు.

నా మాట ఏమిటంటే, మెగా అయ్యాక అది వేగంగా పరిగెత్తి ఊడ్చేసే జీవి కాదు. మెల్లగా, బరువుగా, గోడలు పగలగొట్టే జీవి. పేరూ బొమ్మా ఒకటే కదా అని పాత పని చేయించబోతే మాత్రం మహేంద్రతనయ తమ్ముడికి జరిగిందే జరుగుతుంది.

వంశధార_గుణుపురం

జయపురం అన్నయ్యా, పని మారుతుందన్న మాట నాకు నచ్చింది. సిజర్ చూడండి. మామూలు సిజర్ చాయిస్ బ్యాండ్‌తో 538 ఎటాక్, మెగా సిజర్ 399. దెబ్బలో మెగా చాలా వెనక. కానీ డిఫెన్స్ 100 నుంచి 140, స్పెషల్ డిఫెన్స్ 80 నుంచి 100, స్పీడ్ కూడా పది పెరుగుతుంది, టెక్నీషియన్ గుణం అలాగే ఉంటుంది. రూస్ట్‌తో ప్రాణం నింపుకుంటూ స్వోర్డ్స్ డాన్స్ వేసి బుల్లెట్ పంచ్ కొట్టే సెట్‌కి మెగాయే సరైనది. అక్కడ కొత్త రూపం కొత్త పనిని పూర్తిగా చేయగలదు. గార్చాంప్‌కి వచ్చేసరికి కొత్త పనికి కావలసినది సగమే ఇచ్చారు, పాత పనికి కావలసినది తీసేసుకున్నారు.

మహేంద్రతనయ_పర్లాకిమిడి

మరి లాటియోస్? దానికి స్పీడ్ తగ్గదు కదా, 110కి 110 ఉంటుంది. లెవిటేట్ కూడా పోదు. రాయి దానికి మార్చేయొచ్చా?

రుషికుల్య_బరంపురం

అదే లెక్క మళ్ళీ వేయి బాబూ, నీకే తెలుస్తుంది. లాటియోస్ స్పెషల్ ఎటాక్ బేస్ 130, మెగాకి 160. పూర్తి ఈవీలతో 359, 419. లైఫ్ ఆర్బ్ పట్టుకున్న మామూలు లాటియోస్ మళ్ళీ 466. డ్రాకో మీటియర్ వేయడమే నీ లాటియోస్ పని అయితే, ఏ అంకే తగ్గకపోయినా మెగా వల్ల దెబ్బ తగ్గింది. మెగా లాటియోస్‌కి ఎటాక్ 130 అవుతుంది కాబట్టి ఎర్త్‌క్వేక్‌తో హీట్రాన్‌ని కొట్టగలదు, కాస్త గట్టిగా నిలబడుతుంది. దానికోసం టీమ్‌లోని ఒకే ఒక్క మెగా అవకాశం ఖర్చు పెట్టాలా అన్నది నీ ఇష్టం. నేనైతే పెట్టను.

మెగా లాటియాస్ అయితే వేరే సంగతి. డిఫెన్స్ 120, స్పెషల్ డిఫెన్స్ 150. అది ఎలాగూ తట్టుకునే జీవే, రాయి దాన్ని ఇంకా తట్టుకునేలా చేస్తుంది.

నాగావళి_రాయగడ

ఒక్క అంకె తగ్గకుండా రూపం మాత్రమే పెద్దదై నష్టం తెచ్చినవి స్వోర్డ్, షీల్డ్‌లో ఉన్నాయి. అవి 2019లో వచ్చాయి. నేను ఎక్కువగా ఆడింది అవే, అందుకే చెబుతున్నాను.

అక్కడ దాదాపు ప్రతి జీవీ మూడు టర్న్‌ల పాటు డైనమాక్స్ అవ్వచ్చు. కొన్నింటికి మాత్రం ప్రత్యేకంగా గైగాంటమాక్స్ రూపం ఉంది. చూడడానికి అద్భుతంగా ఉంటుంది, దాని సొంత దెబ్బ ఒకటి ఇస్తారు. అంకెలు రెండింటికీ ఒకటే. అందరూ గైగాంటమాక్స్ అంటే డైనమాక్స్ కన్నా పైమెట్టు అనుకుంటారు.

కార్వినైట్ తీసుకోండి. మామూలు డైనమాక్స్‌లో ఎగిరే రకం దెబ్బ మాక్స్ ఎయిర్‌స్ట్రీమ్. అది కొట్టిన ప్రతిసారీ నీకూ, పక్కనున్న జోడీకీ స్పీడ్ ఒక మెట్టు పెరుగుతుంది. గైగాంటమాక్స్ కార్వినైట్‌కి దాని బదులు విండ్ రేజ్ వస్తుంది. అది అవతలివాడి అడ్డుతెరలు తీసేస్తుంది, నేలమీద పరిచిన రాళ్ళూ ముళ్ళూ ఊడ్చేస్తుంది. ఆ మూడు టర్న్‌లలో స్పీడ్ పెరగడం కన్నా అది విలువైనదా? నూటికి తొంభై ఆటల్లో కాదు. జంటల ఆటలో ఆ తరం మొత్తం ఎయిర్‌స్ట్రీమ్ చుట్టూనే తిరిగింది. పెద్ద రూపం తీసుకుని ఆ ఆయుధాన్ని చేజేతులా వదులుకోవడమే.

చరిజార్డ్ కూడా అంతే. మాక్స్ ఫ్లేర్ ఎండ తెస్తుంది, ఎండలో నిప్పు దెబ్బలు ఒకటిన్నర రెట్లు, సోలార్ పవర్ ఉంటే స్పెషల్ ఎటాక్ ఇంకో ఒకటిన్నర రెట్లు. గైగాంటమాక్స్ వైల్డ్‌ఫైర్ ఎండ తేదు. నాలుగు టర్న్‌ల పాటు నిప్పు రకం కానివాళ్ళకి ప్రతి టర్న్ చివర ఆరో వంతు ప్రాణం తీస్తుంది. ఒంటరిగా వస్తే మామూలు డైనమాక్స్ మేలు. పక్కన టార్కోల్ ఉండి ఎండ అదే తెచ్చిపెడితే అప్పుడు గైగాంటమాక్స్ మేలు.

ప్రాణహిత_సిరొంచ

నాగావళి అన్నా, నేను టైరానిటార్ గురించి చెప్పిందీ గదే! తుఫాను తెచ్చేటోడు వేరే ఉండాలె. గార్చాంప్ సొంతంగ తెచ్చుకుంటే ఒక టర్న్ పోతది.

నాగావళి_రాయగడ

అవును తమ్ముడూ, రెండూ ఒకటే. కొత్త రూపం పోగొట్టుకున్నదాన్ని టీమ్‌లో ఇంకొకడు తెచ్చిపెట్టగలిగితేనే నిలబడుతుంది. కానీ అలా తెచ్చిపెట్టే జీవికి టీమ్‌లో ఒక చోటు ఖర్చవుతుంది. ఆరు చోట్లే ఉన్నాయి.

ఇంకా వెనక్కి వెళితే ఐదో తరంలో డార్మానిటన్ జెన్ మోడ్ ఉంది. ప్రాణం సగానికి పడిపోగానే రూపం మారుతుంది. ఎటాక్ 140 నుంచి 30కి, స్పెషల్ ఎటాక్ 30 నుంచి 140కి, స్పీడ్ 95 నుంచి 55కి. ఎటాక్‌కీ స్పీడ్‌కీ పెట్టిన ఈవీలన్నీ ఆ క్షణాన పనికిరాకుండా పోతాయి. దానికోసం షీర్ ఫోర్స్ అనే మంచి గుణాన్ని వదులుకోవాలి. అది పోటీకి పనికొచ్చే రూపం అని నేను అనలేను.

నిర్వాహకులు

చర్చ చాలా బాగా నడుస్తోంది. ఒక్క మనవి. ఇద్దరు కొత్త సభ్యులు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశారు, ఆ రెండింటినీ తెలుగు లిపిలోకి మార్చి పెట్టమని వాళ్ళకి చెప్పాను. మన పిల్లలు చాలామంది బడిలో ఒడియాలోనో మరాఠీలోనో చదువుతున్నారు. వాళ్ళు ఇష్టంగా చదివే తెలుగు ఇలాంటి చోటే ఉంటోంది. ఆట మాటలు ఎలా పలికితే అలా తెలుగులో రాయండి చాలు.

వంశధార_గుణుపురం

ఏడో తరం ఆడేవాళ్ళు గుర్తుపెట్టుకోవలసిన తేడా ఒకటుంది. ఆరో తరంలో మెగా అయిన టర్న్‌లో పాత స్పీడ్‌తోనే ఎవరు ముందో తేలేది. అంటే గార్చాంప్ మెగా చేసిన ఆ ఒక్క టర్న్ 102 స్పీడ్‌తో, 170 ఎటాక్‌తో కొట్టేది. అది చిన్న వరం. 2016లో సన్, మూన్ వచ్చాక ఆ నియమం మార్చేశారు, మెగా అయిన టర్న్‌లోనే కొత్త స్పీడ్ లెక్కకి వస్తుంది. బీడ్రిల్ లాంటి వేగం పెరిగే మెగాలకి అది మేలు చేసింది. వేగం తగ్గే గార్చాంప్‌కి ఉన్న ఆ ఒక్క టర్న్ కూడా పోయింది. పైగా ఆ ఆటల్లో జీ-క్రిస్టల్స్ అనే ఐటెమ్‌లు వచ్చాయి. మామూలు గార్చాంప్ గ్రౌండియం పట్టుకుంటే ఎర్త్‌క్వేక్ ఆటకి ఒకసారి 180 బలంతో పడుతుంది. ఐటెమ్ చోటు విలువ ఇంకా పెరిగింది, రాయి ఇంకా ఖరీదైంది.

తమ్ముడు ఆడేది ఆరో తరం కాబట్టి ఒక సలహా. మెగా తప్పదనుకుంటే వెంటనే చేయకు. మామూలు రూపంలోనే ఉండి 333 స్పీడ్ వాడుకో, రఫ్ స్కిన్ వాడుకో, స్వోర్డ్స్ డాన్స్ వేసుకో. ఇంక వేగం అక్కరలేదు, గోడ ఒక్కటే మిగిలింది అన్నప్పుడు మెగా బటన్ నొక్కు. ఆట మొత్తం నొక్కకుండా గెలిచినా నష్టం లేదు. నేను గుణుపురం బండిలో వస్తూ ఆడేటప్పుడు సిగ్నల్ పోయి టైమర్ తరుముతూ ఉంటుంది, ఆ కంగారులో మెగా బటన్ అలవాటుగా నొక్కేవాళ్ళని చాలామందిని చూశాను. అది అలవాటు కాకూడదు, ప్రతిసారీ ఆలోచించి తీసుకునే నిర్ణయం కావాలి.

కొలాబ్_జయపురం

వేగం తగ్గడమే వరమైన మెగాలు కూడా ఉన్నాయి, అవి ఈ చర్చలో లేకపోతే అన్యాయం. అబోమాస్నో స్పీడ్ 60 నుంచి 30కి పడిపోతుంది, కామెరప్ట్ 40 నుంచి 20కి. ట్రిక్ రూమ్‌లో మెల్లగా ఉన్నవాడే ముందు కొడతాడు. మెగా కామెరప్ట్‌కి స్పెషల్ ఎటాక్ 145, షీర్ ఫోర్స్. ట్రిక్ రూమ్ వేశాక దాని ముందు నిలబడినవాళ్ళు తక్కువ. గార్చాంప్ దురదృష్టం ఏమిటంటే 92 అటు వేగమూ కాదు, ఇటు ట్రిక్ రూమ్‌కి సరిపడా నెమ్మదీ కాదు. లాండోరస్ థీరియన్ రూపం 91ని ఒక్క మెట్టు దాటుతుంది, 311కి 309. ఆ ఒక్కటే ఊరట.

రుషికుల్య_బరంపురం

పోయినవి చూసి మాత్రమే తీర్పు చెప్పకూడదు అనడానికి గెంగార్ సాక్ష్యం. ఆరో తరంలో మామూలు గెంగార్‌కి లెవిటేట్ ఉంది, ఎర్త్‌క్వేక్ తగలదు. మెగా అయితే లెవిటేట్ పోతుంది, నేల దెబ్బలు రెట్టింపు తగులుతాయి. లైఫ్ ఆర్బ్ కూడా ఉండదు. కాగితం మీద చూస్తే గార్చాంప్ కన్నా పెద్ద నష్టం. కానీ దానికి బదులు షాడో ట్యాగ్ వచ్చింది. ఎదురుగా ఉన్నవాడు వెనక్కి తిరగలేడు. నీకు నచ్చినవాడిని పట్టుకుని చంపవచ్చు. దాన్ని ఓయూ నుంచి నిషేధించారు. కాంగాస్కాన్, మావైల్, లుకారియో, సలమెన్స్, బ్లేజికెన్ మెగాలని కూడా నిషేధించారు. మెగా గార్చాంప్‌ని ఎవరూ నిషేధించాలని అనుకోలేదు. నాలుగో తరంలో మామూలు గార్చాంప్‌నే ఓయూలో ఉండనివ్వకుండా ఉబర్స్ అనే పై వర్గానికి పంపిన చరిత్ర ఉంది. ఆ జీవికి ఇచ్చిన బలమైన రూపం గురించి ఎవరూ భయపడలేదు. ఇంతకన్నా ఏం కావాలి?

జంటల ఆట ఆడేవాళ్ళకి కూడా అదే సమాధానం దొరుకుతుంది. లెవెల్ 50లో మామూలు గార్చాంప్ 169, మెగా కాంగాస్కాన్ 167, మెగా గార్చాంప్ 158. 2014లో ఎక్కడ చూసినా కాంగాస్కానే. దానికన్నా రెండు పాయింట్లు ముందుండడం కోసమే చాలామంది గార్చాంప్‌ని పెట్టుకున్నారు. ఆ ఏడాది వాషింగ్టన్‌లో ప్రపంచ పోటీ గెలిచిన సెజున్ పార్క్ టీమ్‌లో గార్చాంప్ ఉంది. మెగా రాయి మాత్రం గయరాడోస్ దగ్గర ఉంది. ఆ టీమ్‌లోని పచిరిసు గురించి అందరూ మాట్లాడుకుంటారు గానీ, రాయి ఎవరికిచ్చాడన్నది కూడా చూడవలసిన సంగతి.

ప్రాణహిత_సిరొంచ

అక్క చెప్పింది విన్న తర్వాత కూడ నేను ఇసుక టీమ్‌ల మెగా గార్చాంప్‌ని విడిచిపెట్ట. తమ్ముని టీమ్‌ల టైరానిటార్ లేదు, హిపౌడన్ లేదు. గందుకే ఆ టీమ్‌ల వద్దు అంట. టీమ్ చూడకుండ రూపాన్ని మంచిదీ చెడ్డదీ అనుడు నాకు ఇష్టం లేదు.

మహేంద్రతనయ_పర్లాకిమిడి

అందరికీ చాలా చాలా ధన్యవాదాలు. చదివి టీమ్ మార్చాను. గార్చాంప్‌కి లైఫ్ ఆర్బ్, జాలీ, 252 స్పీడ్. రాయి సిజర్‌కి ఇచ్చాను. నిన్న రాత్రి అన్నియ్యతో ఆడాను, వాడిది మెగా చరిజార్డ్ ఎక్స్. డ్రాగన్ డాన్స్ వేయకముందే గార్చాంప్ ముందు కదిలి ఎర్త్‌క్వేక్ వేసింది, చరిజార్డ్ పడిపోయింది. రీప్లే దాచాను. అన్నియ్య ఇప్పుడు తన టీమ్‌లో మెగా అబోమాస్నో మామూలుగానే వాడుతున్నాడు, ట్రిక్ రూమ్ లేకుండా. జయపురం అన్నయ్య పోస్ట్ వాడికి చూపించాను, రెండుసార్లు చదివాడు.

ఒక్క సందేహం మిగిలింది. స్కార్మరీ ఎదురొస్తే నా గార్చాంప్‌కి ఏమీ చేయడానికి లేదు. ఎర్త్‌క్వేక్ తగలదు, డ్రాగన్ క్లా సగమే పడుతుంది. ఏటి చేయాలి?

కొలాబ్_జయపురం

నాలుగో దెబ్బగా ఫైర్ బ్లాస్ట్ పెట్టు. లైఫ్ ఆర్బ్ ఉంది కాబట్టి స్పెషల్ ఈవీలు లేకపోయినా 254తో పడుతుంది, స్కార్మరీకి నిప్పు రెట్టింపు. జాలీ వద్దు, అది స్పెషల్ ఎటాక్ తగ్గిస్తుంది. నైవ్ పెట్టు. స్పీడ్ 333 అలాగే ఉంటుంది, తగ్గేది స్పెషల్ డిఫెన్స్ ఒక్కటే.

రుషికుల్య_బరంపురం

నైవ్ మంచి మాట. కానీ మంచు దెబ్బ నాలుగింతలు తగిలే జీవి అది, ఎలాగూ ఐస్ బీమ్‌కి నిలబడదు కాబట్టి ఆ తగ్గుదల గురించి బెంగపడకు. స్కార్మరీ వస్తుందని నీకు అనిపించిన టర్న్‌లోనే ఫైర్ బ్లాస్ట్ వేయి, అది వచ్చి కూర్చున్నాక కాదు. వచ్చాక అయితే వర్ల్‌విండ్‌తో నిన్ను బయటికి నెట్టేస్తుంది. అప్పటికీ కుదరకపోతే రోటమ్‌తో దారి తెరిపించు, అది దాని పనే.